ఐదు కిలోల విమానం, మూడు వేల కిలోమీటర్ల సముద్రం



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదక మిత్రులు అడిగారు. మన సంచికల్లో దేవాలయాల చరిత్ర, స్వాతంత్ర్య సమరయోధుల చరిత్ర, పే రివిజన్ల చరిత్ర మిత్రులు శ్రద్ధగా రాస్తూనే ఉన్నారు. అవి నాకంటే బాగా తెలిసినవారు మనలో ఎందరో ఉన్నారు. అందుచేత నేను వేరే దారి పట్టి ఒక బొమ్మ విమానం చరిత్ర రాస్తున్నాను.

బొమ్మ అన్నానని తేలిగ్గా తీసుకోవద్దని మనవి. 2003వ సంవత్సరం ఆగస్టు నెలలో ఆ విమానం, లోపల మనిషి లేకుండా, అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటింది. దాన్ని నిర్మించిన పెద్దమనిషికి అప్పటికి 77 ఏళ్లు. ఉద్యోగ విరమణ చేసి ఇంట్లో ఉన్నవారు. కళ్లు చాలావరకు పోయాయి, చెవులు సరిగా వినపడవు. ఈ కథ మన సంఘం పత్రికలో ఎందుకు రాస్తున్నానో ఇంతకంటే వివరించనక్కరలేదు.

నేను ఇంజనీరును కాను. 36 ఏళ్లు గుమాస్తాగిరీ చేసి, అందులో సగానికి పైగా ఎకౌంట్సు సెక్షన్లో గడిపినవాడిని. మా మనవడు ఇంజనీరింగ్ కాలేజీలో మిత్రులతో కలిసి రేడియో విమానం ఒకటి కట్టాడు. వాడు విప్పి చెప్పినవి వింటూ, దొరికినవి చదివించుకుంటూ ఈ చరిత్ర కూర్చుకున్నాను. చదువుతున్నకొద్దీ, ఇదంతా జమాఖర్చుల వ్యవహారంలాగానే కనిపించి నాకు మరింత నచ్చింది.

బొమ్మే ముందు, విమానం తరువాత

బస్సును చూసి బొమ్మ బస్సు చేస్తాం. రైలును చూసి బొమ్మ రైలు చేస్తాం. విమానం విషయంలో మాత్రం బొమ్మే ముందు పుట్టింది.

1871లో ఫ్రాన్సు దేశంలో ఆల్ఫాన్స్ పెనో అనే యువకుడు రబ్బరు మెలితిప్పి వదిలితే రెక్క తిరిగే చిన్న విమానాన్ని పారిస్ నగరంలోని ఒక ఉద్యానవనంలో పదిమంది ముందు ఎగరేశాడు. అది 11 సెకన్లు ఎగిరి, సుమారు 40 మీటర్లు పోయింది. ఎవరూ పట్టుకోకుండానే గాలిలో నిలకడగా ఎగరటం దాని గొప్ప. తోక ఎక్కడ పెట్టాలో, ఎంత వంచి పెట్టాలో ఆయన కనిపెట్టిన పద్ధతి తరువాతి వారందరికీ ఆధారమైంది. ఆయన ఆలోచనల మీదనే తయారైన ఒక ఎగిరే బొమ్మను 1878లో అమెరికాలో ఒక తండ్రి తన ఇద్దరు కొడుకులకు తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలు విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. తమకు ఎగరటం మీద ఆసక్తి ఆ బొమ్మతోనే మొదలైందని వారే తరువాత చెప్పుకున్నారు.

పెద్ద మోడల్ విమానం అన్న మాటకు తగినది 1896లో వచ్చింది. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు కార్యదర్శిగా ఉన్న శామ్యూల్ లాంగ్లీ, ఆవిరి ఇంజనుతో నడిచే, రెక్కల పొడవు నాలుగు మీటర్లకు పైగా ఉన్న ఒక విమానం కట్టించారు. మే 6వ తేదీన పొటోమాక్ నదిలో పడవ ఇంటి కప్పు మీద నుంచి దాన్ని వదిలితే కిలోమీటరు దూరం ఎగిరి, ఆవిరి అయిపోయాక మెల్లగా నీళ్ల మీద వాలింది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ స్వయంగా ఫోటో తీశారు. అదే నమూనాను పెంచి మనిషిని ఎక్కించబోయినప్పుడు మాత్రం, 1903 అక్టోబరులో ఒకసారి, డిసెంబరు 8న మరొకసారి, అది నదిలో పడింది. తొమ్మిది రోజుల తరువాత రైట్ సోదరులు ఎగిరారు. చిన్నదానిలో కుదిరిన లెక్క పెద్దదానిలో అలాగే కుదరదని, ప్రతి పరిమాణానికీ లెక్క మళ్లీ మొదటి నుంచీ వేయాలని అప్పుడు తెలిసింది.

తీగ లేని పగ్గం

బొమ్మ ఎగిరింది సరే, ఎగిరినదాన్ని మన ఇష్టం వచ్చినట్టు తిప్పటం ఎలా? గాలిపటానికి దారం ఉంది. విమానానికి దారం కడితే అది గుండ్రంగానే తిరుగుతుంది. దారం లేని పగ్గం కావాలి. ఆ పగ్గం రేడియో.

ఈ విషయంలో మన దేశం పేరు కూడా చెప్పుకోవాలి. 1895లో కలకత్తా టౌన్ హాలులో ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ విద్యుత్తరంగాలను గోడల గుండా పంపి, అవతలి గదిలో గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపారు. 1898లో న్యూయార్కులో నికోలా టెస్లా నీళ్ల తొట్టిలో ఒక చిన్న పడవను రేడియోతో నడిపి చూపితే, లోపల కోతి ఉండి నడుపుతోందేమోనని కూడా జనం అనుకున్నారట. దూరాన ఉన్న వస్తువు తీగ లేకుండా మన మాట వింటుందని ఆ విధంగా రుజువైంది. కానీ ఆ యంత్రాల బరువు విమానం మోయగలిగినది కాదు. అందుకు మరో 40 ఏళ్లు పట్టింది.

1937లో అమెరికాలోని కలమజూ అనే ఊళ్లో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవలలు, ఇద్దరూ భౌతికశాస్త్రం చదువుతున్న కుర్రవాళ్లు, పని పంచుకున్నారు. విమానం వాల్టర్ చూసుకున్నాడు, రేడియో విలియం చూసుకున్నాడు. ఎనిమిది అడుగుల రెక్కలతో తయారైన ఆ విమానానికి గఫ్ అని పేరు పెట్టారు. మొదటగా విజయవంతంగా ఎగిరిన రేడియో విమానాలలో అదొకటి. ఆ రోజుల్లో ట్రాన్సిస్టర్లు లేవు. మన చిన్నప్పుడు పంచాయతీ రేడియోలో వెలిగినలాంటి వాల్వులు, వాటికి బరువైన బ్యాటరీలు. చుక్కాని తిప్పటానికి మోటారు కూడా పెట్టలేక, మెలితిప్పిన రబ్బరు పెట్టారు. కింద నుంచి ఒక సంకేతం అందగానే కొక్కెం ఒక మెట్టు వదులుతుంది, రబ్బరు ఆ మేరకు చుక్కానిని తిప్పుతుంది. అంత చిన్న ఏర్పాటుతో వారు 1938, 1939, 1940 సంవత్సరాల్లో వరుసగా జాతీయ పోటీలు గెలిచారు. ఆ గఫ్ విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థ వారి దగ్గర భద్రంగా ఉంది.

వాల్టర్ గుడ్ తరువాత మేరీలాండ్ రాష్ట్రంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారి ప్రయోగశాలలో ఉద్యోగం చేశారు. మన కథానాయకుడు మేనార్డ్ హిల్ కూడా ఆ ప్రయోగశాల ఉద్యోగే. ఆయన దగ్గరికే ఇప్పుడు వస్తున్నాను.

మేనార్డ్ హిల్

హిల్ 1926లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నౌకాదళంలో పనిచేసి, తరువాత లోహశాస్త్రం చదివి ప్రయోగశాలలో చేరారు. విమానాలు కట్టడం చిన్ననాటి సరదా. ఉద్యోగం, సంసారం మోస్తూనే ఆ సరదాను ఆయన ఎన్నడూ విడిచిపెట్టలేదు.

1970 సెప్టెంబరులో ఆయన రేడియో విమానం 8,200 మీటర్లకు పైగా ఎత్తుకు ఎగిరింది. ఎవరెస్టు శిఖరానికి ఏడు వందల మీటర్లు కూడా తక్కువ లేదు. అంత ఎత్తున ఉన్నదాన్ని నేల మీద నుంచి పెద్ద దుర్భిణులతో చూస్తూ నడిపారు. 1992లో మరొక విమానం కిందికి దిగకుండా 33 గంటల 39 నిమిషాలు ఎగిరింది. ఎత్తు, వేగం, దూరం, కాలం అన్నిటిలోనూ కలిపి పాతికదాకా ప్రపంచ రికార్డులు ఆయన పేర నమోదయ్యాయి. ఒకచోట తెలుసుకున్నది మరొకచోట వాడుకుంటూ, నలభై ఏళ్లపాటు మెట్టు మీద మెట్టు కట్టుకుంటూ వచ్చారు.

ఉద్యోగం అయిపోయాక, డెబ్భై దాటాక, ఆయనకు అట్లాంటిక్ దాటించాలన్న ఆలోచన కలిగింది. 1998లో ఒక పరిశోధక బృందం వారి మానవరహిత విమానం అప్పటికే ఆ సముద్రం దాటింది. కానీ అది వాతావరణ పరిశోధనకు కట్టిన 13 కిలోల యంత్రం. హిల్ దాటించాలనుకున్నది అంతర్జాతీయ వైమానిక సమాఖ్య నిబంధనల ప్రకారం మోడల్ విమానం అనిపించుకునేదానిని. ఆ నిబంధనలు చాలా కఠినం. ఇంధనంతో సహా బరువు 5 కిలోలకు మించరాదు. ఇంజను 10 సి.సి.కి మించరాదు. మన స్కూటర్ల ఇంజన్లు 100 సి.సి. పైన ఉంటాయని గుర్తుంచుకుంటే అది ఎంత చిన్నదో తెలుస్తుంది.

ఐదు కిలోల గ్రాంటు

ఇక్కడి నుంచి కథ మన సెక్షన్ వ్యవహారమే. మంజూరైన గ్రాంటు 5 కిలోలు. సప్లిమెంటరీ గ్రాంటు వచ్చే ఆశ లేదు. రెక్కలు, ఒళ్లు, తోక, ఇంజను, రేడియో, బ్యాటరీలు, దారి చూపే పరికరాలు, ఇంధనం అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఒక పద్దులో పది గ్రాములు పెరిగితే మరో పద్దులో పది గ్రాములు కోయాలి. కోత ఎక్కడ పడినా చివరికి ఇంధనం మీదే పడుతుంది. ఇంధనం తగ్గితే ఒడ్డు దూరమవుతుంది.

1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటినప్పుడు, బయలుదేరేటప్పటి ఆయన విమానం బరువులో సగానికి పైగా పెట్రోలే. హిల్ లెక్క కూడా దాదాపు అంతకే వచ్చింది. ఖాళీ విమానం సుమారు 2.7 కిలోలు. మిగిలినదంతా ఇంధనం, సుమారు 2.3 కిలోలు. తన బరువుకు కొంచెం తక్కువ బరువును పొట్టలో పెట్టుకుని అది బయలుదేరాలి.

రెక్కలకు, ఒంటికి ఆయన వాడినది బాల్సా చెక్క, దానికి బలంగా గాజునార. బాల్సా దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా ఈక్వడార్‌లో, పెరిగే చెట్టు. మన పొనికి చెక్కలాగా తేలికైనదే, ఇంకా తేలిక. కొండపల్లి బొమ్మలు చేసేవారికి పొనికి ఎలాంటిదో, మోడల్ విమానాలు చేసేవారికి బాల్సా అలాంటిది. అది కోతకు లొంగుతుంది, అతుక్కుంటుంది, బరువు తక్కువ. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు ఆరడుగులు. అంటే మన గుమ్మం అంత ఎత్తున్న మనిషి చేతులు చాచి నిలబడినంత.

యంత్రానికి తిండి

అసలు చిక్కు ఇంజనుది. మోడల్ విమానాల ఇంజన్లు మామూలుగా మిథనాల్ అనే ఆల్కహాలుతో నడుస్తాయి. దానివల్ల చురుకుదనం వస్తుంది కానీ తిండి ఎక్కువ. పెట్రోలు జాతి ఇంధనం కిలోకు ఇచ్చే వేడిలో మిథనాల్ ఇచ్చేది సగం కూడా ఉండదు. సముద్రం దాటవలసిన విమానానికి ఆ వ్యత్యాసమే చావు బతుకుల సమస్య.

అందుకని హిల్ బజారులో దొరికే జపాను ఇంజనునే, నాలుగు స్ట్రోకుల 10 సి.సి. ఇంజనును, తీసుకుని మార్పులు చేశారు. వేడి తీగతో వెలిగే పద్ధతి తీసేసి, స్కూటరుకు ఉన్నట్టు స్పార్కు ఏర్పాటు చేశారు. అమెరికాలో షికార్లకు పోయేవారు లాంతర్లలో పోసుకునే శుద్ధమైన ఇంధనంలో కందెన కలిపి పోశారు. ఇంధనం లోపలికి చుక్కచుక్కగా మాత్రమే వెళ్లేటట్టు కార్బురేటరును సన్నం చేశారు. కార్బురేటరు రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైతే నడిసముద్రంలో ట్యాంకు ఖాళీ అవుతుంది. వెంట్రుకవాసి చిన్నదైతే ఇంజను ఆగిపోతుంది. చివరికి ఆ ఇంజను గంటకు సుమారు 60 గ్రాముల ఇంధనంతో సరిపెట్టుకునేటట్టు అలవాటు పడింది. అంటే గంటకు ఒక చిన్న టీ గ్లాసెడు. ఇది ఒక్క రోజులో సాధించినది కాదు. ఇంజనును నేల మీద బిగించి గంటల తరబడి నడిపి చూడటం, ఇంధనం తూచి రాసుకోవటం, మళ్లీ విప్పటం, మళ్లీ బిగించటం, సంవత్సరాల పని అది.

పరీక్షగా ఎగరేయటానికి మేరీలాండ్‌లో బీచర్ బట్స్ అనే పెద్దాయన తన పొలం ఇచ్చారు. ఆ కృతజ్ఞతతో విమానానికి ‘స్పిరిట్ ఆఫ్ బట్స్ ఫార్మ్’ అని పేరు పెట్టారు. లిండ్‌బర్గ్ విమానం పేరు ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ కదా, దానికి సరదా అనుకరణ ఇది. ఒక మహానగరం పేరు ఉన్నచోట ఒక రైతు పొలం పేరు వచ్చి కూర్చుంది.

కంటికి ఆనని చోట ఎవరు నడుపుతారు?

రేడియో పగ్గం ఎంత గొప్పదైనా, విమానం కంటికి కనిపించినంతవరకే నడిపేవాడికి అధికారం. నడిసముద్రంలో ఎవరు తిప్పుతారు? అక్కడ విమానం తనను తానే నడుపుకోవాలి.

ఈ పనిలో కూడా హిల్‌కు పాత అనుభవం ఉంది. 1970ల నాటికే ఆయన ఒక చిత్రమైన ఏర్పాటు చేశారు. మామూలు రోజుల్లో నేల నుంచి పైకి పోయేకొద్దీ గాలిలో మీటరుకు సుమారు 100 వోల్టుల చొప్పున విద్యుత్ పీడనం మారుతుంది. రెక్క ఒకవైపు కిందికి వాలితే రెండు రెక్కల కొసల దగ్గర వోల్టులు వేరువేరుగా ఉంటాయి. ఆ తేడాను పసిగట్టి రెక్కలను మళ్లీ సమం చేసే పరికరాన్ని ఆయన తయారు చేశారు. త్రాసు ముల్లు చూసి తూకం సరిచేసినట్టే. అట్లాంటిక్ విమానం నాటికి జి.పి.ఎస్. వచ్చింది. ఉపగ్రహాల ద్వారా తానెక్కడ ఉన్నదీ తెలుసుకుని, ముందే రాసి పెట్టిన దారిలో, సుమారు 300 మీటర్ల ఎత్తున తనంతట తానే పోయే స్వయంచాలక పరికరాన్ని మిత్రులు సమకూర్చారు. ఎలక్ట్రానిక్సు తెలిసినవారు, కంప్యూటరు తెలిసినవారు, రేడియో నడపటంలో ఆరితేరినవారు చుట్టూ చేరారు. ఎక్కువమంది జీతం కోసం కాక ఇష్టం కొద్దీ వచ్చినవారే.

సముద్రం పాలైనవి

2002 ఆగస్టులో మొదటి ప్రయత్నం. కెనడా దేశానికి తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ నుంచి విమానాలను వదిలారు. ఒక్కటి కూడా ఆవలి ఒడ్డు చేరలేదు. నెలల తరబడి చేతులతో చేసినవి కళ్ల ముందే, లేదా కళ్లకు అందని చోట, నీళ్లలో కలిసిపోయాయి. సామాను సర్దుకుని అందరూ ఇంటికి వెళ్లి, ఎక్కడ తప్పిందో చూసుకుని, ఏడాది పాటు మళ్లీ కట్టారు. అప్పుడాయనకు 76 ఏళ్లు. ‘వచ్చే ఏడాది చూద్దాం’ అనే మాట ఆ వయసులో ఎంత బరువైనదో మన సభ్యులకు చెప్పనక్కరలేదు.

2003 ఆగస్టులో మళ్లీ అదే ఒడ్డుకు వచ్చారు. ముందుగా వదిలింది మళ్లీ సముద్రంలో పడింది. ఆ మరునాడు, ఆగస్టు 9వ తేదీ సాయంత్రం, కేప్ స్పియర్ అనే కొండకొమ్ము మీద నుంచి హిల్ తన చేతితోనే మరో విమానాన్ని గాలిలోకి విసిరారు. మిత్రులు రేడియోతో పైకి తీసుకుపోయి, స్వయంచాలక పరికరానికి అప్పగించారు. కాసేపటికి చప్పుడు వినపడటం మానేసింది.

రెండు రాత్రులు

మనం ఏటా బతికి ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం కదా. ఆ విమానం కూడా తాను బతికే ఉన్నానని, ఫలానా చోట ఉన్నానని ఉపగ్రహం ద్వారా అప్పుడప్పుడు కబురు పంపేది. ఒక దశలో కొన్ని గంటలపాటు ఆ కబురు రాలేదు. ఇక పోయిందనే అనుకున్నారు. మనలో కూడా సర్టిఫికెట్ అందక పింఛను ఆగిన మిత్రులు కొందరున్నారు. మనిషి బాగానే ఉంటాడు, కాగితమే చేరదు. ఇక్కడా అంతే జరిగింది. కబురు మళ్లీ వచ్చింది. విమానం దారి మీదనే ఉంది.

అది రెండు రాత్రులు, ఒక పూర్తి పగలు, మరో అరపూట ఎగిరింది. ఆగస్టు 11వ తేదీ మధ్యాహ్నం ఐర్లండు పడమటి తీరాన, క్లిఫ్డెన్ పట్టణం దగ్గరి మానిన్ సముద్రతీరంలో వేచి ఉన్నవారికి అది కనిపించింది. అప్పటి అమెరికా మోడల్ విమానాల సంఘం అధ్యక్షుడు డేవ్ బ్రౌన్ రేడియోతో దాన్ని అందుకుని, ముందుగా ప్రకటించిన చోటనే దించారు. ట్యాంకులో మిగిలిన ఇంధనం ఇక ఎంతోసేపు వచ్చేది కాదు. ఆవలి ఒడ్డున న్యూఫౌండ్‌లాండ్‌లోనే ఉండిపోయిన హిల్ ఆ వార్తను ఫోనులో విన్నారు.

మొత్తం 38 గంటల 52 నిమిషాలు. దూరం 3,028 కిలోమీటర్లు. సగటు వేగం గంటకు 78 కిలోమీటర్లు, ఖాళీ రోడ్డు మీద పోయే మన ఆర్.టి.సి. ఎక్స్‌ప్రెస్ బస్సుకు సరిపోయే వేగం. ఖర్చయిన ఇంధనం నాలుగు లీటర్లకు లోపు. దూరానికీ, కాలానికీ ఆ తరగతి విమానాలలో అది ప్రపంచ రికార్డుగా నమోదైంది.

ఆ ఒడ్డు పాత కథ

బయలుదేరిన చోటును, దిగిన చోటును ఊరకే ఎన్నుకోలేదు. 1919 జూన్ నెలలో జాన్ ఆల్కాక్, ఆర్థర్ బ్రౌన్ అనే ఇద్దరు, ప్రపంచంలో మొదటిసారిగా ఎక్కడా ఆగకుండా విమానంలో అట్లాంటిక్ దాటారు. వారు ఎగిరింది కేప్ స్పియర్ పక్కనే ఉన్న సెయింట్ జాన్స్ నగరం నుంచి. దిగింది క్లిఫ్డెన్ దగ్గరే, పచ్చగా కనిపించిన బురదనేలను మైదానం అనుకుని, ముక్కు గుచ్చుకునేటట్టు. వారి విమానం మోసుకుపోయిన పెట్రోలు సుమారు 3,900 లీటర్లు. 84 ఏళ్ల తరువాత అదే దూరాన్ని హిల్ విమానం అందులో వెయ్యో వంతు ఇంధనంతో దాటింది. దించినవారి ఇంటిపేరు మళ్లీ బ్రౌనే కావటం ఒక చిత్రం.

ఇంకొక సంగతి. 1901 డిసెంబరు 12న మార్కోనీ అట్లాంటిక్ ఆవలి నుంచి వచ్చిన మొదటి రేడియో సంకేతాన్ని విన్నది కూడా సెయింట్ జాన్స్‌లోని ఒక కొండ మీదనే. యాంటెన్నా తీగను పైకి ఎత్తటానికి ఆయన వాడింది ఏమిటో తెలుసా? గాలిపటం. తరువాత ఆయన పెద్ద రేడియో స్టేషను కట్టింది క్లిఫ్డెన్ దగ్గర. ఆల్కాక్, బ్రౌన్ దిగింది ఆ స్టేషను పక్కనే. ఎగిరే విద్య, రేడియో విద్య రెండూ ఏ రెండు ఒడ్లను మొదట కలిపాయో, ఆ రెంటినీ ఒక్కటిగా మోసుకుంటూ హిల్ విమానం ఆ ఒడ్లనే కలిపింది.

చూపు సంగతి

హిల్‌కు వచ్చింది శుక్లాలు కాదు. శుక్లాలైతే ఆపరేషన్‌తో నయం చేయవచ్చు. ఆయనకు వచ్చింది వయసు మీద పడ్డాక కంటిపొర నడుమ భాగం క్షీణించే జబ్బు. పక్కచూపు ఉంటుంది, నడిమి చూపు పోతుంది. ఎదురుగా ఉన్న మనిషి భుజాలు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. పుస్తకం అంచులు కనిపిస్తాయి, అక్షరం కనిపించదు. అలాంటి చూపుతో ఆయన బాల్సా చెక్కలను వేళ్లతో తడిమి చూసుకుంటూ అతికించారు. చూపు చేయవలసిన పనిని చేతులకు నేర్పారు. చేతులకు అందనిదాన్ని మిత్రుల కళ్లకు అప్పగించారు.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే ఆ జబ్బే మూడేళ్లుగా నాకూ ఉంది. ఎడమ కంట్లో ఎక్కువ, కుడి కంట్లో మొదలు. ఈ వ్యాసం నేను చెబుతుంటే మా కోడలు రాసింది. ఉద్యోగకాలమంతా అంకెలతో బతికినవాడికి అంకె కనపడకపోవటం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. మొదటి ఆరు నెలలు రేడియో వింటూ కుర్చీలో కూర్చోవటం తప్ప మరొకటి చేయలేదు. మా మనవడు హిల్ కథ చెప్పినప్పుడు, ఆయన చేతుల మాట దగ్గర ఆగి రెండుసార్లు చెప్పించుకున్నాను.

పాత రోజుల్లో ఫైళ్లు కుట్టటం మనందరికీ వచ్చిన విద్యే. దబ్బనం, పురికొస, జిగురు. చూపుతో అవసరం లేకుండానే వేళ్లు ఆ పని చేసుకుపోతాయని కూర్చుని చూస్తే తెలిసింది. ఇప్పుడు మన సంఘం గ్రంథాలయంలో అట్టలు ఊడిన పుస్తకాలు వారానికి రెండో మూడో ఇంటికి తెప్పించుకుని కుట్టి పంపుతున్నాను. సముద్రం దాటించేంత పని కాదు. కానీ సాయంత్రానికి చేతికి జిగురు అంటుకుని ఉంటే మనసుకు ఒక తృప్తి ఉంటుంది.

సభ్యులకు ఒక ముఖ్యమైన మనవి. తలుపు ద్వారబంధం, కిటికీ ఊచలు, పేపరులోని గీతలు వంటి తిన్నని గీతలు వంకరగా కనిపించటం మొదలైతే వయసు అని ఊరుకోవద్దు. ఒక కన్ను మూసి మరొక కంటితో విడివిడిగా చూసుకోండి. తేడా ఉంటే వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. ఈ జబ్బులో ఒక రకానికి సకాలంలో ఇంజెక్షన్లు ఇస్తే ఉన్న చూపును చాలావరకు నిలుపుకోవచ్చు.

ముగింపు

మేనార్డ్ హిల్ 2011లో, 85వ ఏట కాలం చేశారు. ఇవాళ మన పల్లెల్లో పొలాల మీద మందు చల్లుతున్న డ్రోన్లను చూస్తే మనకు కొత్తగా అనిపిస్తుంది. వాటి వెనుక పెనో రబ్బరు బొమ్మ, బోస్ మోగించిన గంట, గుడ్ కవలల కొక్కెం, హిల్ తూచిన గ్రాములు ఉన్నాయి. వీరిలో చాలామంది ఎవరూ పురమాయించకుండా, ఇష్టం కొద్దీ పనిచేసినవారే.

ఉద్యోగంలో ఉండగా తీరిక లేక అటక మీద పెట్టిన పని మనలో ప్రతివారికీ ఒకటి ఉంటుంది. హార్మోనియం కావచ్చు, వంశవృక్షం రాయటం కావచ్చు, ఆగిపోయిన గోడ గడియారం కావచ్చు. పదవీ విరమణ నాటికి మనకు మిగిలిన గ్రాంటు తక్కువే, దాన్ని పెంచే అధికారం ఎవరికీ లేదు. ఉన్నదాన్ని ఏ పద్దు కింద ఖర్చు పెట్టాలో నిర్ణయించుకునే అధికారం మాత్రం పూర్తిగా మనదే. అటక మీది పనిని ఒకసారి కిందికి దించి దుమ్ము దులపవలసిందిగా మిత్రులను కోరుతున్నాను. గ్రంథాలయంలో కుట్టవలసిన పుస్తకాలు కూడా ఇంకా చాలా ఉన్నాయి. దబ్బనం పట్టగలిగినవారు నాకు తోడు రావచ్చు.